తలకాయల పులుసు

షెడ్డులో కాటా మీదికెక్కేది ఒళ్ళే.
తలకాయ ఎవరిక్కావాలి?
కేజీకి ఇంతని రాసుకునే గుమస్తా
ఆ గుట్ట వైపు చూడనైనా చూడడు.
అందుకే సాయంత్రం నూకరత్నం ఎత్తి పోసింది,
నేను సంచి పట్టాను.
"కోళ్ళకా?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మేను.
"ఆయ్, కోళ్ళకే" అన్నాను.
మా ఇంట్లో కోడి లేదు.

మూడ్రోజులుగా ముసురు.
గొంతేరు కాలవ గట్టు మీదికి తొంగి చూస్తోంది.
మా అత్త రాహేలమ్మ, జ్వరం తగ్గినా నోరు రుచి తెలీక,
గంజి గ్లాసు చూస్తేనే గోడవైపు తిరుగుతోంది.

ఫోన్లో ఒక ఆడమనిషి.
ఏ దేశమో, ఏ భాషో.
నవ్వితే మా చిన్నాడపడుచుకి మల్లే
కళ్ళు మూసుకుపోతున్నాయి.
రొయ్య తలలు నూనెలో వేసి
గరిటె వెనక్కి తిప్పి నొక్కుతోంది.
మాట తెలీక సౌండు తీసేశాను.
చేతులు తెలిశాయి.
పద్నాలుగేళ్ళుగా ఐసు నీళ్ళలో
నేను మాట్లాడేదీ చేతులతోనేగా.

ఆమె దగ్గరున్నవి నా దగ్గర లేవు.
సన్నటి గడ్డేదో చితక్కొట్టింది;
నర్సమ్మగారి కుండీలోంచి నిమ్మగడ్డి అడిగి తెచ్చాను.
ఆకేదో నిలువునా చించి పడేసింది;
పాస్టరుగారి దొడ్లో దబ్బాకు కోసుకొచ్చాను, ఇది అడగలేదు.
నల్లటి సీసా ఒకటి వంచింది.
అదేంటో నాకు అంతుపట్టలేదు.
తెర మీద వాసన రాదు కదా.
ఎండురొయ్యల పొడి, వేణ్ణీళ్ళలో నానిన ఉప్పుచేప ముక్క,
ఆపైన దేవుడి మీద భారం.
కొబ్బరిపాలకి మాత్రం
ఎవరి గడపా తొక్కక్కర్లేదు ఈ లంకల్లో.

పన్నెండు ఎండుమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి
రోట్లో వేసి నూరుతుంటే
ముల్లు గుచ్చుకున్న చోటల్లా
కారం వెతుక్కుంటూ వచ్చింది.
ఏ వేలు ఏ రోజు తెగిందో
నేను మర్చిపోయాను గానీ అది మర్చిపోలేదు.

తలలు నొక్కితే రంగు దిగింది,
తుప్పుకీ కుంకానికీ మధ్య రంగు.
నీళ్ళు పోస్తే ఇల్లంతా ఒక్కసారి సముద్రం వైపు జరిగింది.
ప్రభుకిరణ్ హోంవర్కు వదిలేసి వచ్చి
తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

సేమియా పాయసానికే అని అత్త ఎప్పుడో తేల్చేసింది.
బియ్యప్పిండి ఉక్కబెట్టి జంతికల గొట్టంలో కూరి
మరుగుతున్న నీళ్ళ మీద తిప్పాను.
తెగినవి తెగాయి.
మిగతావి పైకి తేలాయి, తెల్లగా, వలదారాల్లా.

అప్పుడు ఫోను ఆపి చూశాను.
ఆమె గిన్నెలో తోకతో సహా ఒక రొయ్య,
వీపు మీద గీత.
నా గీత కాస్త ఎడమకి ఒరుగుతుంది,
సూపర్‌వైజరు తిట్టేది దానికే.
బొమ్మ పెద్దది చేశాను.
ఇంకా పెద్దది చేశాను.
గీత చెదిరి పసుపుపచ్చ గళ్ళయిపోయింది.
ఒళ్ళు అక్కడికి వెళ్ళిందేమో,
తల మాత్రం ఇదిగో, నా పొయ్యి మీద.

చింతపండు పిండి, దించి, అత్త ముందు పెట్టాను.
"ఇదేం కూరే?"
"పేరు తెలీదత్తా."
ఒక గుక్క తాగింది.
ముక్కు మీద చెమట పట్టింది.
రెండో గుక్కకి దగ్గింది, కళ్ళు తుడుచుకుంది,
గిన్నె మాత్రం వదల్లేదు.
"పేరెందుక్కాదు? పులుసు.
ఉప్పు చాల్లేదు.
ఈ పురికోసలేంటి మధ్యలో?"
అంటూనే ఆ పురికోసలు
మనవడికంటే ముందు జుర్రేసింది.

తెల్లారి గేటు దగ్గర వాచ్‌మేను ఆపాడు.
"కోళ్ళు తిన్నాయా?"
"తిన్నాయండీ.
ఉప్పు చాల్లేదన్నాయి."